కొత్త పాలిష్ పట్టించిన పాత భోజనాల బల్లకు విలువ కట్టడం: ఒక సమగ్ర మార్గదర్శి

పాత భోజనాల బల్లకు విలువ కట్టడం ఎలాగూ సులువు కాదు. పాత పూత గీకేసి కొత్తగా పాలిష్ పట్టించిన బల్లకైతే ఆ పని మరింత చిక్కుపడుతుంది. వయసును పట్టిచ్చే ఆనవాళ్ళు, అంటే ఏళ్ళ తరబడి ముంజేతులు ఆని నల్లబడిన అంచులు, వేడి గిన్నెలు దించిన చోట తేలిన తెల్లటి చక్రాలు, కిటికీ వైపు వెలిసిపోయి లోపలి వైపు నిలిచిన రంగు, ఇవన్నీ ఎక్కువగా పై పలక మీదే ఉంటాయి. పాలిష్ పనిలో మొట్టమొదట పోయేది కూడా ఆ పొరే. ఇక అమ్మే వ్యక్తి పాలిష్‌కు అయిన ఖర్చంతా బల్ల ధరకు కలిపి చెబుతాడు, కొనే వ్యక్తి అసలు పూత పోయిందన్న సాకుతో సగానికి బేరం మొదలుపెడతాడు. ఈ రెండు లెక్కల్లో ఏదీ నిలవదు. తేల్చవలసిన ప్రశ్నలు రెండు: పాలిష్ పని జరిగాక పాత బల్లలో ఏం మిగిలింది, అలా మిగిలినదాన్ని కోరి కొనేవారు ఎవరు. కింది మెట్లన్నీ ఈ రెంటికీ జవాబు రాబట్టడానికే.

పనికి కూర్చునే ముందు ఒక టార్చిలైటు, కొలత టేపు, భూతద్దం, కాస్త దూది, స్పిరిట్, ఒక నోటుపుస్తకం దగ్గర ఉంచుకోండి. బల్లను పక్కకు వాల్చడానికి మరో మనిషి సాయం కూడా అవసరం. ఒంటరిగా వాలిస్తే బరువంతా రెండు కాళ్ళ మీద పడి, అప్పటిదాకా గట్టిగా ఉన్న అతుకు మీ చేతిలోనే ఊడిపోవచ్చు.

మొదటి మెట్టు: ఏ విలువ కావాలో నిర్ణయించుకోండి

ఒకే బల్లకు ఒకే రోజున మూడు వేర్వేరు విలువలు ఉంటాయి, మూడూ నిజమైనవే. అగ్నిప్రమాదంలో పోతే అటువంటి బల్లనే దుకాణంలో కొని తెచ్చుకోవడానికి అయ్యే మొత్తం బీమా విలువ. ఇది అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. తొందర లేని అమ్మకందారుకు, వస్తువు గురించి తెలిసిన కొనుగోలుదారుకు మధ్య ఎవరి బలవంతమూ లేకుండా కుదిరే ధర మార్కెట్ విలువ. ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చి వారం లోపల వదిలించుకోవాలంటే చేతికొచ్చేది తక్షణ విలువ. పాత సామాను వ్యాపారి ఇవ్వజూపే ధర ఈ మూడవదానికి దగ్గరగా ఉంటుంది. అది మోసమని అనుకోనక్కరలేదు. రవాణా, నిల్వ, అమ్ముడుపోయేదాకా ఇరుక్కున్న పెట్టుబడి, తన లాభం, ఇవన్నీ ఆ తేడాలోంచే అతను రాబట్టుకోవాలి. అన్నదమ్ముల మధ్య పంపకానికైతే మార్కెట్ విలువ పట్టుకోవడం న్యాయం. ఏ విలువ కోసం లెక్క వేస్తున్నారో నోటుపుస్తకంలో మొదటి పంక్తిగా రాసుకోండి, లేకపోతే మధ్యలో ఒకదాని నుంచి మరొకదానికి మీకు తెలియకుండానే జారిపోతారు.

రెండవ మెట్టు: బల్లను కింద నుంచి చదవండి

పాలిష్ పట్టేవారు సాధారణంగా బల్ల అడుగుభాగం జోలికి పోరు. అందుకే వయసు గురించిన సాక్ష్యం అక్కడే మిగిలి ఉంటుంది. బల్లను వాల్చి టార్చి వెలుగును చెక్కకు దాదాపు సమాంతరంగా పడేటట్టు పట్టుకుంటే, మామూలు వెలుతురులో నున్నగా కనిపించే చెక్క మీద కూడా రంపం పళ్ళ గీతలు లేచి కనిపిస్తాయి. అవి ఎగుడుదిగుడుగా, ఒకదానికొకటి ఎడం తేడాతో ఉంటే చేతిరంపపు కోత. విల్లులా వంగి ఉంటే గుండ్రటి యంత్ర రంపం కోత, ఇది పందొమ్మిదవ శతాబ్దంలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. తిన్నగా, ఒకే ఎడంతో వరుస కట్టి ఉంటే చాలా వరకు యంత్రపు పట్టీ రంపం కోత. చేతి చిత్రికతో నున్న చేసిన పలక అయితే వేళ్ళతో తడిమినప్పుడు సన్నని కాలువల వంటి పల్లాలు తెలుస్తాయి.

తర్వాత మేకులు, స్క్రూలు చూడండి. కూడిక గుర్తు ఆకారంలో గాడి ఉండే ఫిలిప్స్ స్క్రూలకు హెన్రీ ఫిలిప్స్ పేరిట అమెరికాలో 1936లో పేటెంట్లు వచ్చాయి. కాబట్టి అటువంటి స్క్రూలు మొదటి నుంచీ ఉన్న బల్ల అంతకు ముందుది కాజాలదు. ఇక్కడ "మొదటి నుంచీ" అన్న మాటే కీలకం. మరమ్మతులో ఎవరో కొత్త స్క్రూ బిగించి ఉండవచ్చు. స్క్రూ తల చుట్టూ చెక్క నల్లబడి ఉంటే, దగ్గరలో ఖాళీ రంధ్రాలేవీ లేకపోతే, అది అక్కడ చాలాకాలంగా ఉన్నట్టు. పక్కనే పాత రంధ్రాలు కనిపిస్తే ఆ భాగాన్ని ఎప్పుడో విప్పి మళ్ళీ బిగించారని అర్థం. బల్లకు సొరుగు ఉంటే దాని మూలల అతుకు కూడా గమనించండి: చేత్తో కోసిన డవ్‌టెయిల్ పళ్ళు, అంటే పావురం తోకలా విప్పారి ఒకదానిలో ఒకటి ఇమిడే పళ్ళు, చిన్నాపెద్దాగా ఉంటాయి, యంత్రంతో కోసినవి అచ్చు గుద్దినట్టు ఉంటాయి. అర్ధచంద్రాకారపు గాడి మధ్యలో గుండ్రటి మేకు తల వంటి గుర్తు కనిపిస్తే అది నాప్ అతుకు. అమెరికాలో 1867లో పేటెంట్ పొంది, 1900 నాటికి దాదాపు వాడుక తప్పిన యంత్రపు అతుకు అది. తేదీ ఇంత కచ్చితంగా చెప్పే గుర్తులు చెక్క సామానులో అరుదు.

గుండ్రటి బల్ల అయితే గరుకు కాగితం ఎంత రుద్దినా చెరపలేని సాక్ష్యం ఒకటి ఉంది. చెక్క ఆరేకొద్దీ చారలకు అడ్డంగా కుంచించుకుపోతుంది, చారల పొడవునా మాత్రం దాదాపు మారదు. అందువల్ల ఏకచెక్క పలకలతో చేసిన గుండ్రటి బల్ల దశాబ్దాలు గడిచేసరికి కంటికి తెలియనంత కోలగా మారుతుంది. టేపుతో చారల పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి. పొడవునా 120 సెంటీమీటర్లు, అడ్డంగా 119 లోపు వస్తే బల్ల పాతదన్న వాదనకు బలం చేకూరుతుంది. రెండు కొలతలూ మిల్లీమీటరు తేడా లేకుండా సరిపోతే, అది ప్లైవుడ్ మీద తాపడం చేసినదైనా కావచ్చు, ఈ మధ్య చేసినదైనా కావచ్చు, లేదా పాలిష్ సమయంలో అంచు మళ్ళీ గుండ్రంగా కోసి ఉండవచ్చు.

అడుగున లేబులు, కాల్చి వేసిన ముద్ర, పెన్సిలు అంకెలు, సుద్దతో రాసిన వరుస సంఖ్యలు ఉన్నాయేమో వెతికి ఫోటోలు తీసుకోండి. దేశం పేరు ముద్రించి ఉండడం కూడా ఒక ఆధారమే. 1890లో అమెరికా చేసిన సుంకాల చట్టం దిగుమతి వస్తువుల మీద తయారైన దేశం పేరు ఉండాలని నిర్బంధించింది, కాబట్టి ఆ ముద్ర ఉన్న బల్ల చాలా వరకు ఆ తర్వాతిదే. చివరగా, అడుగుభాగం మొత్తం, సందులతో సహా, ఒకే ముదురు రంగు నీటుగా పులిమి ఉంటే జాగ్రత్త పడండి. గాలి తగిలి సహజంగా ముదిరిన చెక్క ఎక్కడా ఒకే రంగులో ఉండదు. ఒక పలక మరొక పలకను కప్పిన చోట లేతగా, బయటికి ఉన్న చోట ముదురుగా ఉంటుంది.

వందేళ్ళు నిండినదాన్ని పురాతన వస్తువు అనడం వ్యాపారంలో స్థిరపడిన అలవాటు. వింటేజ్ అన్న మాటకు అంత గట్టి హద్దు లేదు. వందేళ్ళు నిండకపోయినా తన కాలపు శైలి స్పష్టంగా కనిపించే ప్రతిదానికీ ఆ పేరు పెడుతున్నారు. కాబట్టి ఆ మాటను చూసి ధర పెంచకండి. దశాబ్దం పేరు చెప్పగలిగితే చాలు.

మూడవ మెట్టు: చెక్క ఏది, నిండు చెక్కా తాపడమా

పై పలక మీద కనిపించే చారలు అంచు దాటి మందంలోకి దిగి, అడుగున అదే వరుసలో కొనసాగితే నిండు చెక్క. పైన ఒక రకం చారలు, అంచున వేరే పట్టీ, అడుగున మరో రకం ఉంటే తాపడం, అంటే వీనీర్. తాపడం అనగానే నాసిరకం అనుకోవడం పొరపాటు. ఎంతో విలువైన బల్లలు తాపడంతోనే తయారయ్యాయి, ఎందుకంటే అందమైన చారలున్న అరుదైన చెక్కను పలుచగా కోసి అద్దంలో ప్రతిబింబంలా జతచేయడం నిండు చెక్కతో సాధ్యపడదు. అయితే రంపంతో కోసిన పాత తాపడం మిల్లీమీటరు దాటి మందం ఉంటుంది, కత్తితో చెక్కిన ఆధునిక తాపడం సుమారు 0.6 మిల్లీమీటర్లే ఉంటుంది. ఈ తేడా తరువాతి మెట్టులో చాలా ముఖ్యం అవుతుంది.

టేకు, వాల్‌నట్, మహాగని, ఓక్ వంటి పేర్లు అమ్మేవారు ఉదారంగా వాడతారు. ముదురు రంగు వేసిన మామూలు చెక్క ఏదైనా వాల్‌నట్ అయిపోతుంది. రంగును నమ్మకుండా, రంగు పడని అడుగుభాగంలో రంధ్రాల అమరికను భూతద్దంతో చూడండి. ఓక్‌లో రంధ్రాలు వలయాలుగా గుమిగూడి, అడ్డంగా మెరిసే పట్టీలు తేలుతాయి. మహాగనిలో రంధ్రాలు చెక్క అంతటా చెదిరి ఉంటాయి.

రోజ్‌వుడ్ బల్లలకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. అంతరించిపోతున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందంలో బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి మొదటి అనుబంధంలో, అంటే వ్యాపారం నిషిద్ధమైన జాబితాలో, ఉంది; అదే ప్రజాతికి చెందిన మిగతా చెట్లు 2017లో రెండవ అనుబంధంలో, అంటే అనుమతి పత్రాలతో వ్యాపారం చేయదగిన జాబితాలో, చేరాయి. నిషేధానికి ముందే ఆ చెక్క సేకరించారని రుజువు చేసే పత్రాలు లేకపోతే బ్రెజిల్ రోజ్‌వుడ్ బల్లను దేశం దాటించి అమ్మడం కుదరదు. అంటే కొనుగోలుదారుల సంఖ్య ఒక దేశానికే కుదించుకుపోతుంది. చెక్క అరుదైనదని ధర పెంచేటప్పుడు ఈ సంగతి కూడా తూకంలో వేయాలి.

నాలుగవ మెట్టు: పాలిష్ పని ఎలా జరిగిందో పరీక్షించండి

అంచనా అంతా ఇక్కడే గెలుస్తుంది లేదా ఓడుతుంది, కాబట్టి ఈ మెట్టుకు గంట సమయం కేటాయించినా ఎక్కువ కాదు.

మొదట చూడవలసింది ఎంత చెక్క పోయిందన్నది. పాత పూతను ద్రావకంతో కరిగించి తుడిచినట్టయితే చెక్క పై పొర, దానితోపాటు కాలంతో ముదిరిన రంగు, చాలా వరకు నిలుస్తాయి. యంత్రంతో గరుకు కాగితం పట్టిస్తే రెండూ పోతాయి. తేడా కనిపెట్టడానికి బొటనవేలిని అంచుల వెంట, మూలల మీదుగా, కాళ్ళ మీది చెక్కడాల మీదుగా నెమ్మదిగా జరపండి. అంచు గీత పదునుగా తగిలితే మంచిదే. సబ్బుబిళ్ళలా జారిపోతూ ఉంటే, చెక్కిన పువ్వుల రేకులు కరిగినట్టు మొద్దుబారి ఉంటే, అవసరానికి మించి రుద్దారు. ఆ తర్వాత బల్ల చివర ముంగాళ్ళ మీద కూర్చుని, ఎదురుగా ఉన్న కిటికీ వెలుగు పలక మీద ప్రతిఫలించేటట్టు కళ్ళను పలక ఎత్తుకు తెచ్చుకోండి. యంత్రం వదిలిన చిన్న చిన్న సుడుల గీతలు, చారలకు అడ్డంగా పడిన గాట్లు, మరకను పోగొట్టడానికి ఒకే చోట రుద్దడంతో ఏర్పడిన గుంటలు, ఇవన్నీ ఆ కోణంలోనే బయటపడతాయి. నిలబడి చూస్తే ఒక్కటీ కనిపించదు, బల్లలు అమ్మేవారు ఫోటోలు ఎప్పుడూ నిలబడి తీయడానికి అదీ ఒక కారణం కావచ్చు.

తాపడం ఉన్న బల్లలో అన్నిటికంటే పెద్ద నష్టం తాపడం అరిగి కింది చెక్క బయటపడడం. ఇది ఎక్కువగా అంచుకు రెండు మూడు సెంటీమీటర్ల లోపల, మూలల్లో జరుగుతుంది. చారలు ఉన్నట్టుండి ఆగిపోయి లేత గోధుమ రంగు మచ్చ కనిపించినా, ఆ మచ్చలో చారల దిశ మారినా, అక్కడ మాత్రమే రంగు దట్టంగా పులిమి ఉన్నా అదే జరిగిందని అనుకోవచ్చు. దీన్ని మళ్ళీ రుద్ది బాగుచేయడం కుదరదు. కొత్త తాపడం అతికించాలి, లేదా రంగు వేసి కప్పిపుచ్చాలి. నిండు చెక్కలో లోతైన గుంట ఉన్నా మళ్ళీ నున్న చేసుకోవచ్చు, 0.6 మిల్లీమీటర్ల తాపడానికి ఆ అవకాశం లేదు. అలాగే లప్పం పెట్టిన చోట్లు లెక్కపెట్టండి. లప్పం ఎంత బాగా రంగు కలిసినా దాని మీద చారలు నడవవు, టార్చి వెలుగులో నిర్జీవంగా కనిపిస్తుంది.

తర్వాత కొత్త పూత ఏమిటో తెలుసుకోవాలి. పై పలక కింద కాళ్ళను కలిపే చట్రం లోపలి వైపు, కంటికి కనిపించని చోట, కొత్త పూత తగిలిన భాగం చూసుకుని దూదికి స్పిరిట్ అద్ది ఒక చుక్క ఉంచండి. అర నిమిషంలో జిగటగా మారితే లక్కతో చేసిన పాలిష్. స్పిరిట్‌కు లొంగక, లాకర్ థిన్నర్‌కు మెత్తబడితే లాకర్, అంటే త్వరగా ఆరే పూత. రెంటికీ చెక్కు చెదరకపోతే వార్నిష్ లేదా పాలీయురేథేన్. (ఈ పరీక్షను మొదటిసారి నేను పై పలక అంచున చేశాను. బొటనవేలంత మచ్చ మిగిలింది, బల్ల నాది కాదు. చట్రం లోపలి వైపే చేయమని అంత గట్టిగా చెప్పడం అందుకే.) పూత పేరు తెలిస్తే చరిత్ర కూడా కొంత తెలుస్తుంది: నైట్రోసెల్యులోజ్ లాకర్ 1920లలో వాడుకలోకి వచ్చింది, పాలీయురేథేన్ రెండవ ప్రపంచ యుద్ధం తర్వాతిది. 1880ల నాటి బల్ల మీద పాలీయురేథేన్ ఉంటే, ఎవరు ఎంత ప్రమాణం చేసి చెప్పినా అది అసలు పూత కాదు.

విలువకు పూతతో ఉన్న సంబంధం కొంచెం విచిత్రమైనది. లక్క పాలిష్ నీటికి, వేడికి, సారాయికి తట్టుకోలేదు. రోజూ నలుగురు కూర్చుని తినే ఇంటికి అది తలనొప్పి. కానీ దాన్ని చెక్కను తాకకుండా కరిగించి తీయవచ్చు, ఉన్నదాని మీదే సరిచేయవచ్చు, అందువల్ల సేకరణకర్త దాన్ని ఇష్టపడతాడు. పాలీయురేథేన్ సరిగ్గా దీనికి తలకిందులు. ఇంటివారికి నిశ్చింత, సేకరణకర్తకు మాత్రం మళ్ళీ గీకవలసిన ప్లాస్టిక్ పొర. కనుక ఒకే పూత ఒక కొనుగోలుదారు దగ్గర ధరను పెంచి మరొకరి దగ్గర తగ్గిస్తుంది.

పనితనం కూడా చూడండి: పూతలో ఇరుక్కున్న ధూళి రేణువులు, కుంచె గీతలు, కాళ్ళ మీద కారి గడ్డకట్టిన చుక్కలు, నారింజ తొక్కలా గరుకు తేలిన ఉపరితలం. ఇవి చిన్న లోపాలే గాని, కనిపించే చోటే ఇంత అజాగ్రత్తగా చేసినవాడు కనిపించని అతుకుల దగ్గర ఎలా చేసి ఉంటాడన్న అనుమానం సబబే. రంగు పెయింట్ వేసిన పాత బల్ల అయితే అడుగు పొరల్లో సీసం ఉండవచ్చు. అమెరికాలో ఇళ్ళకు వాడే సీసపు పెయింట్లను 1978లో నిషేధించారు. తిండి పెట్టుకునే బల్ల కాబట్టి పరీక్ష చేయించకుండా విలువ రాయకండి.

ఐదవ మెట్టు: బల్ల ఏ గుంపుకు చెందుతుందో తేల్చండి

పాలిష్ వల్ల విలువ పెరిగిందా తగ్గిందా అన్నదానికి అన్ని బల్లలకూ వర్తించే జవాబు లేదు, గుంపును బట్టి జవాబు మారుతుంది.

తయారీదారు పేరు రుజువైన, అసలు పూతకే విలువ ఉన్న బల్లలు మొదటి గుంపు. ఉదాహరణకు అమెరికాలో గుస్తావ్ స్టిక్లీ కర్మశాలలో చేసిన ఓక్ సామాను చూడండి. ఆ ఓక్‌కు రంగు కుంచెతో వచ్చింది కాదు. మూసిన గదిలో అమ్మోనియా ఆవిరి పట్టిస్తే ఓక్‌లో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థంతో కలిసి చెక్కే గోధుమ రంగుకు తిరిగింది. దాన్ని గరుకు కాగితంతో రుద్దినవారు పూతతోపాటు ఆ తయారీ పద్ధతిని కూడా తుడిచేస్తున్నారు. ఈ గుంపులో ఎంత అందంగా పాలిష్ పట్టించినా విలువ పడిపోతుంది, ఒక్కోసారి సగానికి పైగా కూడా.

రెండవ గుంపు రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత 1970 దాకా వచ్చిన, శైలికి గిరాకీ ఉన్న బల్లలు. హాన్స్ వెగ్నర్, ఫిన్ యూల్ వంటి డెన్మార్క్ రూపశిల్పుల టేకు బల్లలు, వాటి బాటలో ఫ్యాక్టరీల్లో తయారైనవి ఇందులోకి వస్తాయి. భోజనాల బల్ల పై పలక కుర్చీ కంటే, అల్మరా కంటే ఎక్కువ దెబ్బలు తింటుందని ఈ బజారులో కొనేవారందరికీ తెలుసు. అందువల్ల తాపడం చెడకుండా పై పలకకు మాత్రమే చేసిన మంచి పాలిష్‌ను వారు పెద్ద తప్పుగా పట్టరు. తాపడం అరిగిందా, అప్పుడు మాత్రం క్షమించరు.

మూడవ గుంపు పేరూ ఊరూ తెలియని గట్టి బల్లలు. నిజానికి మనకు ఎదురయ్యేవాటిలో ఎక్కువ భాగం ఇవే. వీటిని కొనేవారు చరిత్ర కోసం కొనరు, చేవ ఉన్న కర్రతో చేసిన బల్ల కొత్త బల్ల ధరకో, అంతకంటే తక్కువకో దొరుకుతుందని కొంటారు. ఇక్కడ మంచి పాలిష్ విలువను పెంచుతుంది. ఎంతవరకంటే, అంతే కొలతలు, అంతే దృఢత్వం ఉన్న కొత్త బల్ల ధర దాకా. ఆ ధర ఒక పైకప్పు లాంటిది, దాన్ని దాటించడం పాలిష్ వల్ల కాదు.

ఆరవ మెట్టు: బల్లగా పనికొస్తుందా

రెండు చేతులతో పై పలక అంచు పట్టుకుని మెల్లగా ఊపండి. కొంచెం కదలిక ఉంటే అతుకులు మళ్ళీ జిగురు పెట్టించాలి. కాలు ఒక్కటే కదులుతుంటే చట్రం చీలిందేమో చూడాలి. భోజనాల బల్లలు సాధారణంగా 74 నుంచి 76 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి. 71 వస్తే కాళ్ళు ఎప్పుడో కోశారన్న అనుమానంతో పాదాల అడుగు చూడండి. మనిషికి 60 సెంటీమీటర్ల వెడల్పు లెక్కన ఎందరు కూర్చోగలరో రాసుకోండి, ఆరుగురు అని చెప్పే బల్లల మీద నిజంగా నలుగురికే చోటు ఉండడం మామూలు.

పొడవు పెంచుకునే బల్ల అయితే ఆ యంత్రాంగం ముఖ్యం. ఇంగ్లండులో గిల్లో సంస్థవారు ఒకదానిలోకి ఒకటి జారే చట్రానికి 1800లో పేటెంట్ తీసుకున్నారు. 1835లో రాబర్ట్ జూప్ తిప్పగానే ముక్కలుగా విచ్చుకునే గుండ్రటి బల్లకు పేటెంట్ పొందాడు. ఆ కోవకు చెందిన అసలు బల్ల దొరికితే ఈ వ్యాసం పక్కన పెట్టి నేరుగా నిపుణుడి దగ్గరకు వెళ్ళండి. మామూలు బల్లల్లో చూడవలసింది అదనపు పలకలు అన్నీ ఉన్నాయా, వాటికీ అదే పాలిష్ పట్టించారా అన్నది. పలకలను అటక మీద మరచిపోయి బల్లకు మాత్రమే పాలిష్ చేయించడం చాలా తరచుగా జరిగే పొరపాటు. బల్ల లాగి పలక వేసినప్పుడు నడుమ వేరే రంగు పట్టీ కనిపిస్తే, ఆ పలకకు పూర్తి విలువ ఇవ్వలేము.

పై పలక ఒక బల్లది, కాళ్ళు మరొక బల్లవి కావచ్చునన్నది కూడా మరచిపోకండి. పలక అడుగున ఇప్పటి చట్రానికి పొంతన లేని పాత రంధ్రాలు, పాత చట్రం నీడ పడిన గీతలు ఉంటే అదే జరిగింది. కొత్త పాలిష్ రెంటినీ ఒకే రంగుకు తెచ్చి ఈ సంగతిని చక్కగా దాచేస్తుంది.

ఏడవ మెట్టు: పోల్చదగిన అమ్మకాలు వెతకండి

అడిగే ధరకూ అమ్ముడైన ధరకూ సంబంధం ఉండనక్కరలేదు. ఆన్‌లైన్‌లో నెలల తరబడి కదలకుండా ఉన్న ప్రకటన, ఆ ధరకు ఎవరూ కొనలేదనడానికి సాక్ష్యం మాత్రమే. వేలం సంస్థల ఫలితాలు, అమ్మకం పూర్తయిన జాబితాలు వెతికి, గత ఏడాది రెండేళ్ళ లోపలివి కనీసం మూడు నాలుగు సేకరించండి. వేలం ధరల్లో కొనుగోలుదారు చెల్లించే అదనపు రుసుము కలిసి ఉందో లేదో చూసుకోవాలి, ఒక ఫలితంలో కలిపి, మరొకదానిలో కలపకుండా పోలిస్తే లెక్క మొత్తం తప్పుతుంది. పాత ధరల పుస్తకాలు పక్కన పెట్టండి. ముదురు రంగు మహాగని వంటి బరువైన సంప్రదాయ భోజనాల బల్లల ధరలు 2000 తర్వాత బాగా పడిపోయాయి, ఆ పుస్తకాలకు ఆ సంగతి తెలియదు.

పోలికలో శైలి, చెక్క, కొలత, కూర్చునేవారి సంఖ్య, అదనపు పలకలు, ముఖ్యంగా పూత స్థితి, ఇవన్నీ పక్కపక్కన రాసుకోండి. కుర్చీలతో కలిపి అమ్మిన సెట్టు ధరను బల్లకు అంటగట్టకండి, చాలా సెట్లలో విలువ కుర్చీలదే.

ఎనిమిదవ మెట్టు: లెక్క వేయండి

ఇక్కడ వాడే అంకెలు పద్ధతి చూపడానికి ఊహించినవే గనుక రూపాయలు, డాలర్లు అనకుండా పాళ్ళు అందాం. మీ బల్లకు పాలిష్ జరిగింది, ఒక అదనపు పలక ఉంది, ఒక మూల తాపడం అరిగింది. అదే నమూనా బల్లలు మూడు అమ్ముడయ్యాయి: ఒకటి పాలిష్ జరిగి రెండు పలకలతో 110 పాళ్ళకు, రెండవది అసలు పూతతో రెండు పలకలతో 120కి, మూడవది పాలిష్ జరిగి పలకలు లేకుండా 90కి.

మొదటిదానికీ మూడవదానికీ ఉన్న ఒకే తేడా పలకలు. కాబట్టి రెండు పలకల విలువ 20, ఒక్కొక్కటి సుమారు 10. మొదటిదానికీ రెండవదానికీ తేడా పూత, దాని విలువ 10. ఇప్పుడు మీ బల్లను ఒక్కొక్కదానితో పోల్చండి: మొదటిదాని నుంచి ఒక పలక తీసేస్తే 100; రెండవదాని నుంచి పూత, ఒక పలక తీసేస్తే 100; మూడవదానికి ఒక పలక కలిపితే 100. నిజ జీవితంలో మూడూ ఇంత ముచ్చటగా ఒకే చోటికి రావు. 92, 100, 107 అని వస్తే సంతోషించాలి. వాటిలో ఒకటి 60 అని వస్తే దాన్ని సగటులో కలిపేయకుండా, ఆ అమ్మకంలో మీరు గమనించని లోపం ఏముందో మళ్ళీ చూడాలి. ఆ తర్వాత తాపడం మచ్చకు మరమ్మతు చేయించడానికి ఎంత అవుతుందో పనివాడిని అడిగి తీసివేయండి. అది 8 నుంచి 12 అనుకుంటే బల్ల విలువ 88కి, 92కి మధ్య పడుతుంది. పోలికల్లోని అనిశ్చితిని కూడా కలుపుకుని 85 నుంచి 95 అని రాయడం సబబు.

మరి పాలిష్‌కు పెట్టిన ఖర్చు? నాకు తెలిసిన ఒక పెద్దాయన బిల్లు తెచ్చి నా ముందు పెట్టి, "ఇది కలపకుండా విలువ ఎలా కడతావయ్యా" అని కోప్పడ్డారు. ఆయనకు చెప్పినదే ఇక్కడా చెబుతాను. పై ఉదాహరణలో పాలిష్‌కు 40 పాళ్ళు ఖర్చయిందనుకోండి, పాలిష్ లేని, గీతలు పడిన అదే బల్ల 70కి అమ్ముడవుతుందనుకోండి. పాలిష్ వల్ల వచ్చిన పెరుగుదల 20 మాత్రమే, మిగిలిన 20 యజమాని తన ఇంట్లో అందమైన బల్ల ఉండాలని పెట్టుకున్న ఖర్చు. అది వ్యర్థమని అనను, కానీ కొనేవాడు దాన్ని చెల్లించడు. ఆ బిల్లుకు వేరే ఉపయోగం ఉంది: ఏ పూత వాడారో, గీకారో కరిగించారో, ఎవరు చేశారో అది రుజువు చేస్తుంది. పని మొదలుపెట్టక ముందు తీసిన ఫోటోలు కూడా తోడైతే కొనుగోలుదారు అనుమానంతో కోసుకునే మొత్తం తగ్గుతుంది.

అమ్మకం కోసమే లెక్క వేస్తుంటే, 90 పాళ్ళ విలువ అంటే 90 పాళ్ళు చేతికి వస్తాయని కాదు. వేలం కమిషను, రవాణా, ప్యాకింగ్ తీసేశాక మిగిలేది వేరుగా రాసుకోండి. బరువైన బల్లకు రవాణా ఖర్చు ఒక్కోసారి బల్ల విలువనే మింగేస్తుంది. మూడవ గుంపు బల్లలు సాధారణంగా దగ్గరలో ఉన్నవారికే అమ్ముడుపోవడం ఇందుకే.

తొమ్మిదవ మెట్టు: నిపుణుడిని ఎప్పుడు పిలవాలి

తయారీదారు ముద్ర దొరికినా, బీమా సంస్థ లేదా న్యాయస్థానం లిఖిత అంచనా అడిగినా, పంపకంలో మాట తేడాలు వచ్చినా సొంత లెక్కతో సరిపెట్టుకోవద్దు. అంచనా వేసేవారి రుసుము గంటకో, వస్తువుకో ఉండాలి. విలువలో ఇంత శాతం అని అడిగేవారికి విలువ పెంచడంలో సొంత లాభం ఉంటుంది. అంచనా వేసి, ఆ వెంటనే "నేనే కొంటాను" అనేవారికి తగ్గించడంలో లాభం ఉంటుంది. ఇద్దరికీ నమస్కారం పెట్టి పంపించండి.

పదవ మెట్టు: కాగితం మీద పెట్టండి

చివరి పత్రంలో ఒకే అంకె రాయకండి, పరిధి రాయండి, దాని పక్కన ఏ రకమైన విలువో, ఏ తేదీ నాటిదో రాయండి. బల్ల కొలతలు, చెక్క, అంచనా వేసిన దశాబ్దం, దానికి ఆధారం, పాలిష్ ఎప్పుడు ఎలా జరిగింది, కనిపించిన లోపాలు, పోల్చిన అమ్మకాలు, ఇవన్నీ రెండు పేజీల్లో ఇమిడిపోతాయి. ఫోటోల్లో పై పలక ఒకటి ఉంటే చాలు. అడుగుభాగం, అతుకులు, అంచులు, అరిగిన మూల మాత్రం దగ్గర నుంచి తీసినవి ఉండాలి. ఆ పత్రాన్ని చట్రం లోపల పిన్నుతో గుచ్చి పెట్టే అలవాటు కొందరికి ఉంది. ఆ పని చేయకండి, అక్కడ ఇంకో రంధ్రం పడుతుంది, తర్వాత బల్లను వాల్చి చూసేవారు దానికీ లెక్క చెప్పుకోవలసి వస్తుంది.